తోక తెగిన బాతు

సబ్బులాయన నూనె డబ్బా వంచి చూశాడు. ఇంకో రెండు విడతల సబ్బు వంటకొస్తుంది. తర్వాత కొత్త డబ్బా కొనాలి.

ఆ నూనె ఓడలో వస్తుంది. మొన్నామధ్య సర్కారు దిగుమతి సుంకం పెంచింది. ఆయన సబ్బు బిళ్ళకి రేటు కాస్త పెంచి సర్దుకున్నాడు. ఊపిరి తీసుకునేలోపు ఎక్కడో రెండు దేశాలు యుద్ధానికి దిగాయి. సముద్రంలో దారి మూశారట. ఓడలన్నీ చుట్టు తిరిగి రావాలట. గోరుచుట్టు మీద రోకటిపోటు. డబ్బా ధర ఒకటికి ఒకటిన్నర అయింది.

"మళ్ళీ పెంచక తప్పదండీ" అంది భార్య, సబ్బులోకి సోడా నీళ్ళు కలుపుతూ.

"పెంచితే లాండ్రీ చెల్లెమ్మ పోతుంది."

వండిన సబ్బులో సగం వీధి చివర లాండ్రీ నడిపే ఆమెకే. వారానికి అరవై బిళ్ళలు. పోయినసారి పెంచినప్పుడు, "అన్నా, ఇంకోసారి పెంచావో, పొడి ప్యాకెట్లు కొనుక్కుంటా" అంది నవ్వుతూ. నవ్వుతూ అన్న మాటకే ఆయనకి ఎక్కువ భయం. ఆమె పోతే పొయ్యి ఆర్పుకోవాల్సిందే.

మధ్యాహ్నం భార్య కునుకు తీస్తోంది. ఆయన సబ్బు కోసే చట్రం ముందు కూర్చుని, తీగల్ని ఒక్కొక్కటిగా దగ్గరికి జరిపి బిగించాడు. సబ్బు దిమ్మని తోస్తే బిళ్ళలు పొట్టిగా తెగాయి. రేటు అదే, బిళ్ళ తగ్గింది. పెరుగు దొంగిలించిన పిల్లిలా అటూ ఇటూ చూశాడు. బాతు బొమ్మ చెక్క అచ్చు తీసి గబగబా అన్నిటి మీదా ముద్ర కొట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే లాండ్రీ ఆమె తోపుడుబండితో వచ్చింది. ఓ బిళ్ళ తీసింది. తిప్పి చూసింది.

"అన్నా, ఈ బాతుకి తోకేదీ?"

ఆయనా చూశాడు. బిళ్ళ కురచ చేశాడు గానీ అచ్చు పాతదే. ముక్కుంది, మెడుంది. తోక అంచు దాటి గాల్లో కలిసింది. అరవైకి అరవై, అన్నీ తోకలేని బాతులే.

"ఓ వదినా! మీ ఆయన బాతుల తోకలు కోసుకు తింటున్నాడు. ఇంట్లో అన్నం పెట్టట్లేదా?"

భార్య వచ్చింది. బిళ్ళ చూసింది, చట్రం చూసింది, మొగుడి మొహం చూసింది.

"దొంగతనం కూడా చేతకాని మనిషిని కట్టబెట్టారమ్మా నాకు."

వదినామరదళ్ళు పడీ పడీ నవ్వారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. లాండ్రీ ఆమే ముందు నవ్వాపింది.

"పదహారేళ్ళు, అన్నా. నాతో ఒక్క మాట చెప్పకుండా తగ్గిస్తావా?"

"పెంచితే పోతానన్నావుగా."

"అంటాను. అనకపోతే అది బేరమా? బొగ్గుల ధర పెరిగిందని నేను ఇస్త్రీ రేటు పెంచలా? అందరూ తిట్టారు. తిట్టి, బట్టలేసి పోయారు. నన్ను ఆ మాత్రం తిట్టనివ్వవా నువ్వు? ఎద్దులు కుమ్ముకుంటే దూడల కాళ్ళు విరిగాయట. మళ్ళీ దూడా దూడా తన్నుకోవడం దేనికి?"

ఆయన కొత్త రేటు చెప్పాడు. ఆమె గుండె మీద చెయ్యేసుకుంది. సర్కారుని తిట్టింది, యుద్ధాన్ని తిట్టింది, ఓడల్ని తిట్టింది. వరసలో ఆయన్నీ తిట్టింది.

"ఇకనుంచి వారానికి నలభై చాలు. అరవై నావల్ల కాదు. బట్టలు ఇంకాసేపు నానబెట్టుకుంటా. వీటికి మాత్రం పాత రేటే."

"పాత రేటు వద్దు. ఇవి చిన్నవి. అంతకంటే తక్కువే ఇవ్వు" అన్నాడాయన.

భార్య ఆయనకేసి ఓ చూపు చూసింది, ఈసారి నవ్వకుండా.

నలభై అంటే పొయ్యి ఆరదు. సన్నమంట మీద నడుస్తుంది. ఆయన బిళ్ళలు బండికెత్తాడు. ఎత్తి ఊరుకోలేదు, ఎన్నడూ లేంది బండి తనే తోసుకుంటూ బయల్దేరాడు. వీధి చివరిదాకా ఆమె పక్కనే నడుస్తూ తిడుతూనే ఉంది. ఆయన ఊ కొడుతూ తోశాడు.