ఫెన్‌విక్ గారి అద్దాల గదిలో సరిహద్దు రాయి

మా నాన్న ఏమస్ టాప్ నలభై ఏళ్లు మా ఊరి చర్చి గడియారానికి కీ ఇచ్చాడు. ప్రతి శనివారం అరవై రెండు మెట్లు ఎక్కేవాడు. చివరికి చెవుడొచ్చి నా మాట వినపడకపోయినా, మంచం మీద నుంచే ఆ గంట మాత్రం వినేవాడు.

లండన్ నుంచి వచ్చి మిల్లు ఇల్లు కొన్న ఫెన్‌విక్‌కి ఆ గంట వల్ల నిద్ర పట్టడం లేదట. అర్జీ మీద అర్జీ పెట్టి జనవరిలో దాని నోరు కట్టించాడు. ముల్లు తిరుగుతుంది, గంట కొట్టదు.

"గంట కొట్టలేదేమే హెస్టర్? కీ ఇవ్వడం మర్చిపోయానా?" అని నాన్న పూటకు పదిసార్లు అడిగేవాడు. మర్చిపోలేదని కాగితం మీద రాసి చూపించినా నమ్మలేదు. ఊరందరి ముందు తల కొట్టేసినట్టయిందని కుమిలి కుమిలి మార్చిలో పోయాడు. ఆ రోజు నుంచి నా కడుపు మండుతూనే ఉంది.

ఊరి హద్దులు ఎవరూ మరవకూడదని ఏటా మే నెలలో ఒక ఆదివారం ఊరంతా బెత్తాలు పట్టుకుని పొలిమేర చుట్టూ నడుస్తాం, సరిహద్దు రాళ్లను కొడతాం. పొలిమేర గీత ఎటు పోతే అటే మేమూ. వాగు అడ్డొచ్చినా, గోడ అడ్డొచ్చినా పక్కకు తప్పుకోం. ఫెన్‌విక్ కొత్తగా కట్టించుకున్న అద్దాల భోజనాల గది సరిగ్గా ఆ గీత మీదే కూర్చుంది. అందంగా ఉందని రాయిని కూడా నేలలో అలాగే ఉంచుకున్నాడు. మా దారి హక్కు ఆయన ఇంటి దస్తావేజులోనే రాసుంది, చదివితేగా! పునాదులు తీస్తుంటే చూశాను. నోరు మెదపలేదు.

ఈ ఏడు అందరికన్నా ముందు నేనే నడిచాను. మూడు రోజులుగా వాన. గీత ఆవుల దొడ్లోంచి పోతుంది, నా తప్పేముంది? నలభై జతల బూట్లు ఆ గదిలోకి దిగాయి. లోపల అతిథులు గొర్రె మాంసం వేపుడు తింటున్నారు.

"ఏంటిది! నా తివాచీ! బయటికి నడవండి!" అని ఫెన్‌విక్ అరిచాడు.

"నడుస్తూనే ఉన్నాం సార్," అన్నాడు మాంసం కొట్టు సైలస్. "ఆ బల్ల కాస్త జరుపుతారా? రాయి దాని కిందుంది. అమ్మా, మీ కాళ్లు పైకి పెట్టుకోండి."

రాయి మీద బెత్తాలు టపాటపా పడ్డాయి. నా ప్రాణం లేచొచ్చింది.

ఫెన్‌విక్ నన్ను పక్కకు పిలిచాడు. "హెస్టర్ గారూ, మీ గంటేగా కావాల్సింది? రేపే అర్జీ వెనక్కి తీసుకుంటా. వీళ్లని తీసుకెళ్లండి."

"అది ఎలాగూ తీసుకుంటారు. లేకపోతే వచ్చే ఏడు కూడా గీత ఇక్కడే ఉంటుంది. ముందు నాతో రండి."

చర్చి వెనక నాన్న సమాధి దాకా నడిపించాను. ఊరూ వచ్చింది, భోజనాల బల్ల దగ్గరి చేతిరుమాళ్లు పట్టుకునే ఆయన అతిథులూ వచ్చారు.

"మా నాన్నకు చెప్పండి."

"ఏమని?"

"తప్పు ఆయనది కాదని. ఎవరిదో కూడా చెప్పండి."

ఆయన అతిథుల వైపు చూసి, తల దించుకుని గొణిగాడు. "టాప్ గారూ, మీరేం మర్చిపోలేదు. గంట ఆపించింది నేను."

"గట్టిగా చెప్పండి," అన్నాను. "ఆయనకు చెవుడు."