రేగడిలో రెండు చోట్లు

జక్రయ్య అరవై బావులు తవ్వినవాడు. ఇంకొల్లు చుట్టుపక్కల పల్లెల్లో ఏ పొలంలోకి పిలిచినా ముందు పిడికెడు మన్ను తీసి నలిపి చూసేవాడు. నీళ్ళుంటే ఉన్నాయనేవాడు, లేకపోతే లేవనేవాడు. అంతకు మించి మాట లేదు. ఇంటి మాటలన్నీ భార్య కరుణమ్మే మాట్లాడేది. "బావి తవ్వేటప్పుడు మా ఆయన నోట్లో రాయి పడింది, ఇంకా తియ్యలా" అని నవ్వేది.

అలాంటి మనిషి భార్యతో కలిసి కెనడాలోని విన్నిపెగ్‌లో కొడుకు దగ్గరికి వచ్చిన రెండో వేసవిలో, ఎవరూ అడగకుండా నోరు తెరిచాడు. తెరవకుండా ఉంటే బాగుండేది.

ఆ ఊరి తెలుగు క్రైస్తవులు ఆదివారం మధ్యాహ్నం ఒక ఇంగ్లీషు చర్చి కింది గదిలో కూడుకునేవారు. ఆ ఆగస్టులో పాస్టరు గారు పితరుల చరిత్ర చెప్తున్నారు. అబ్రాహాము భార్య శారా చనిపోయింది. ఆయనకి ఆ దేశంలో అడుగు నేల లేదు. మా సమాధుల్లో ఏదో ఒకటి ఊరికే వాడుకోవయ్యా అన్నారు ఆ ఊరి పెద్దలు. ఆయన వద్దన్నాడు. లేచి వాళ్ళకి వంగి దణ్ణం పెట్టి, పొలం చివరి గుహ కొనుక్కుని ఆమెను అందులో పెట్టాడు. దేవుడు ఇస్తానన్న దేశమంతటిలోనూ ఆయన చేతికి ముందుగా వచ్చిన నేల అదే, పెళ్ళాం సమాధి. "మనం కూడా పరదేశులమేనమ్మా" అని ముగించారు పాస్టరు గారు. పై వారం సంఘమంతా కలిసి ఊరి బయట సమాధుల తోటలో ఒక వరస తీసుకుందామనే మాట లేచింది.

చూడటానికి వెళ్ళారు. గడ్డి చదునుగా కోసి ఉంది. ఒక మూల ఎవరికోసమో తవ్విన గుంట, పక్కన పోసిన మన్ను. జక్రయ్య వంగి పిడికెడు తీశాడు. నల్లటి మన్ను. తడి ఉన్నచోట వేలికి అంటుకుంటోంది, ఆరినచోట బీటలిచ్చింది. నలిపాడు, వాసన చూశాడు.

"ఇది మన రేగడే" అన్నాడు పైకి.

కొడుకు విల్సన్ గబుక్కున తిరిగి చూశాడు. తండ్రి నలుగురిలో మాట్లాడగా వాడెప్పుడూ వినలేదు.

"రెండు చోట్లు తీసుకోరా. నాకొకటి, మీ అమ్మకొకటి."

పాస్టరు గారు ఆయన భుజం మీద చెయ్యేసి, అదీ విశ్వాసమంటే అన్నారు. జక్రయ్యకు తాను కూడా ఒక పితరుడైనట్టే అనిపించింది. కరుణమ్మ దూరంగా నిలబడి కొంగుతో మూతి తుడుచుకుంటోంది. ఇల్లు చేరారు. గదిలోకి వెళ్ళాక అడిగింది.

"నన్నొక మాట అడిగావా?"

జక్రయ్య చెప్పులు విప్పుకుంటున్నాడు.

"మేరీ ఆడుంటే నేను ఈడ పడుకోనా? మన్ను ఒకటే అయితే సరిపోద్దా?"

మేరీ వాళ్ళ మొదటి బిడ్డ. మూడేళ్ళప్పుడు కామెర్లొచ్చి పోయింది. పల్లె సమాధుల దొడ్డిలో ఆ చిన్న గుంట జక్రయ్యే తవ్వాడు. ఆ తర్వాత ప్రతి ఈస్టరుకి తెల్లవారకముందే కరుణమ్మ వెళ్ళి ఆ సమాధికి సున్నం కొట్టి, కొవ్వొత్తి పెట్టి వచ్చేది. పక్కనున్న మనిషంత జాగా చూపించి "ఇది నాది, ఎవరన్నా ఆక్రమిస్తే లేచొచ్చి తంతా" అని ఊరందరికీ చెప్పి పెట్టుకుంది.

నవంబరులో ఆమెకు కిడ్నీలు చెడ్డాయి. డిసెంబరులో ఇక చేసేదేమీ లేదని ఆసుపత్రి వాళ్ళు ఇంటికి పంపారు. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఇద్దరే ఉన్నారు. కిటికీ సగం దాకా మంచు పేరుకుని ఉంది.

"ఏమయ్యో, ఇట్రా. నీ చెయ్యి నా తొడ కింద పెట్టు."

జక్రయ్య తలుపు వైపు చూశాడు. "ఈ వయసులో ఇదేం సరసమే?"

"సరసం నీ మొహం! యాకోబు కొడుకు చేత పెట్టించలా? ఈ ఐగుప్తులో నన్ను పాతిపెట్టమాకురా, మా పెద్దోళ్ళ దగ్గరికి మోసకపొమ్మని ఒట్టేయించుకోలా? అట్టా నువ్వెయ్యి."

"చేతిలో చెయ్యేస్తాలే."

"చేతిలో ఏసినయ్యి చానా చూశా. తాగనని ఎన్నిమార్లు ఏశావు?"

జక్రయ్య దుప్పటి కింద చెయ్యి పెట్టాడు. తొడ అనడానికేమీ మిగల్లేదు, ఎముకే.

"మేరీ పక్కకి తీసకపోతానను."

"తీసకపోతా."

"ఆ యాకోబే రాహేలుకు చేసినట్టు చెయ్యమాకయ్యా. పద్నాలుగేళ్ళు గొడ్లు కాసి చేసుకున్న పెళ్ళామేగా! దారిలో చచ్చిపోయిందని దారిలోనే పెట్టి, పైన ఒక రాయి నిలబెట్టి, గుడారాలు పీక్కుని పోయాడు మారాజు. నన్ను దారిలో పెట్టమాక."

"పెట్టనే."

"ఇప్పుడు తీయి చెయ్యి. చల్లగా చచ్చింది" అని కళ్ళు మూసుకుంది.

జనవరిలో మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్ళాక పోయింది. ఆసుపత్రి వరండాలో విల్సన్ వచ్చి తండ్రి పక్కన కూర్చున్నాడు. వాడి కళ్ళు వాచి ఉన్నాయి.

"నాన్నా, అమ్మ నీతో ఏమన్నా చెప్పిందా? ఊరికి పంపమని గానీ, అట్లా?"

ఒక్క మాట చాలు. అవునంటే చాలు. ఆ మాట జక్రయ్య గొంతు దాకా వచ్చింది కూడా. దాని వెనకే ఇంకొకటి వచ్చింది. ఆమెను పంపితే? ఊళ్ళో ఇల్లు లేదు, మనిషి లేడు, తాను వెళ్ళి ఉండలేడు. ఇక్కడే చచ్చిపోతాడు. తనను ఇక్కడే పెడతారు. ఆమె అక్కడ, తాను ఇక్కడ. తన బదులు మాట్లాడటానికి పక్కన ఎవరుంటారు? రెండు చోట్లున్నాయి, ఆనుకుని. మేరీకి తల్లి లేకుండా నలభై ఏళ్ళు గడిచాయి. తనకు ఒక్క రోజు కూడా గడవదు.

తల అడ్డంగా ఊపాడు.

"మరి నువ్వు తీసుకోమన్న చోటే కదా నాన్నా?"

"ఊ."

అంతే. అరవై బావుల్లో ఏ బావీ ఆ 'ఊ' అంత లోతు లేదు.

పూడ్చే ముందు రోజు కాగితాల పని మీద వెళ్తూ విల్సన్ ఆయన్నీ తీసుకెళ్ళాడు. సమాధి చోట ఒక ఇనుప గుడిసె లాంటిది బోర్లించి, లోపల మంట పెట్టారు. నేల రాయిలా గడ్డకట్టిందట, రాత్రంతా కాస్తేగానీ యంత్రానికి లొంగదట. జక్రయ్య చూస్తూ నిలబడ్డాడు. నేలకు నిప్పు పెట్టి తవ్వడం ఆయన ఎరగడు.

మర్నాడు పాస్టరు గారు ప్రార్థన చేసి, మూడు పిడికిళ్ళు మన్ను వెయ్యమన్నారు. జక్రయ్య వంగాడు. మన్ను పిడికిట్లోకి రాలేదు. గడ్డలు గడ్డలుగా, అంచులు తేలి ఉంది. ఒక గడ్డ ఎత్తి నలిపాడు. నలగలేదు. అలాగే వదిలాడు. పెట్టె మీద అది రాయిలా మోగింది. కోడలు స్నేహ ఉలిక్కిపడి మనవరాలు రిషితను దగ్గరికి లాక్కుంది. మిగిలిన రెండూ జక్రయ్య వెయ్యలేదు.

ఆ చలికాలమంతా ఇవ్వాళ చెప్తా, ఇవ్వాళ చెప్తా అనుకున్నాడు. విల్సన్ పని నుంచి వచ్చి బూట్లు విప్పేవాడు, అన్నం తినేవాడు, లాప్‌టాప్ తెరిచేవాడు. "ఏంటి నాన్నా?" అనేవాడు. "ఏం లేదు" అనేవాడు జక్రయ్య. నేల కరగనీ, అప్పుడు చెప్తానని తనకు తానే గడువు పెట్టుకున్నాడు. కరగనిది నేల కాదని ఆయనకి తెలుసు.

మే నెలలో నేల కరిగింది. ముందు విల్సనే నోరు తెరిచాడు.

"నాన్నా, ఇక్కడ మా టీమ్ తీసేస్తున్నారు. వాంకూవర్ వస్తే ఉంచుతామన్నారు. స్నేహకి కూడా అక్కడ ట్రాన్స్‌ఫర్ దొరికింది. జూన్‌లో మూవ్ అవుతున్నాం."

జక్రయ్య అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు.

"అక్కడ ఇంత చలి ఉండదు మావయ్యా, మీ మోకాళ్ళకి మంచిది" అంది స్నేహ.

"మీ అమ్మ?"

"ఏడాదికొకసారి వద్దాంలే నాన్నా" అన్నాడు విల్సన్, పళ్ళెంలోకి చూస్తూ.

ఎయిర్‌పోర్టుకు వెళ్ళే దారిలో కారు పక్కకి తిప్పించాడు జక్రయ్య. "పది నిమిషాలే నాన్నా" అన్నాడు విల్సన్. స్నేహా రిషితా కారులోనే ఉన్నారు, వెనక సీటులో సూట్‌కేసుల మధ్య.

సమాధి మధ్యలోకి కుంగి ఉంది. గడ్డకట్టిన మన్ను గడ్డల మధ్య సందులు వదిలి, కరిగాక కిందికి దిగింది. రేగడి గుణం అది. తననడిగి ఉంటే చెప్పేవాడు, ఇట్లా పూడిస్తే కుంగుద్దని. మోకాళ్ళ మీద కూర్చుని పక్కనున్న మన్ను చేతులతో లోపలికి తోశాడు. తలవైపు చూశాడు. అక్కడ నంబరు రాసిన చిన్న రేకు తప్ప ఏమీ లేదు.

"రాయేది?"

"నేల సెటిల్ అవ్వాలంట. వచ్చే ఏడు వేస్తారు. ఫోటో పంపిస్తామన్నారు." విల్సన్ గడియారం చూసుకున్నాడు. "అమ్మ పేరు రాయించా. పక్కన నీ పేరుకు ఖాళీ వదిలారు."

యాకోబైనా రాయి నిలబెట్టి కదిలాడు.

"ఒరే" అన్నాడు జక్రయ్య. లేవలేదు. "ఆ రోజు నువ్వడిగావే. చెప్పింది రా మీ అమ్మ. మేరీ పక్కన పెట్టమంది. ఒట్టేయించుకుంది. నేనే నీకు చెప్పలా."

విల్సన్ తండ్రి దగ్గరికి వచ్చాడు.

"ఎందుకు?"

జక్రయ్య పక్కనున్న ఖాళీ గడ్డి వైపు చెయ్యి చూపించాడు, రెండో చోటు వైపు.

"ఇప్పుడా నాన్నా చెప్పేది?" అన్నాడు విల్సన్. "నేను పంపించేవాణ్ణి. పంపడానికి పేపర్లన్నీ కనుక్కుని ఉంచి, అప్పుడే నిన్నడిగా. నువ్వు తల అడ్డంగా ఊపావు."

"తీయించలేమా?"

"అమ్మని తవ్వి తీయించటమా? నావల్ల కాదు నాన్నా. నావల్ల కాదు." వాడు మొహం తిప్పుకుని కొంచెం దూరం నడిచాడు. మళ్ళీ వచ్చి తండ్రి చంకల కింద చేతులు వేసి లేపాడు. కోపంగా లేపలేదు. అదే జక్రయ్య తట్టుకోలేకపోయాడు.

కారులో రిషిత ఆయన చేతులు చూసి "తాతా, యువర్ హ్యాండ్స్ ఆర్ సో డర్టీ" అంది. స్నేహ తడి కాగితం అందించింది. జక్రయ్య తుడుచుకున్నాడు. మామూలు మన్నయితే పోయేది. రేగడి కదా, గోళ్ళ సందుల్లో ఉండిపోయింది.

విల్సన్ అద్దంలోంచి తండ్రిని ఒకసారి చూసి కారు నడిపాడు. ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడే మనిషిని వెనక దారిలో పెట్టి వచ్చారు.