పదహారు వందలు దాటినవాడు

నరసరావుపేటలో విత్తనాల కొట్టు నడిపే అమరేశ్వరరావుకి చదరంగంలో నాలుగేళ్లుగా ఎదుగూ బొదుగూ లేదు. ఫోనులో ఎన్ని ఆటలాడినా రేటింగు పదమూడు వందల యాభై దగ్గరికి పోవటం, మళ్ళీ జారటం. బేరాల్లేని మధ్యాహ్నాలు కౌంటర్ వెనక కూర్చుని మూడేసి నిమిషాల ఆటలు ఇరవై, ముప్పై లాగించేవాడు. ఓడితే ఆ కోపంలో ఇంకోటి. ఎందుకు ఓడాడో వెనక్కి తిరిగి చూసుకునే అలవాటు మాత్రం లేదు.

సందీప్‌కి ఆట నేర్పింది ఆయనే. సందీప్‌ది ఎడ్లపాడు. వాళ్ల నాన్న ఏటా ఈయన కొట్లోనే మిరప విత్తనాలు కొంటాడు. సందీప్ స్పిన్నింగు మిల్లులో పైకప్పు రేకులు మారుస్తూ జారిపడ్డాడు. ఇరవై ఆరేళ్లకే నడుం కింద స్పర్శ పోయింది. చూడబోయిన అమరేశ్వరరావుకి ఏం చెప్పి ఓదార్చాలో తోచలేదు. వాడి ఫోనులో చదరంగం ఎక్కించి, ఎత్తులు చూపించాడు.

"ఇది ఆడుకోరా. రోజూ నాతో ఒక ఆట. సరేనా?"

మొదట్లో సందీప్ పది ఎత్తుల్లోపే మంత్రిని పోగొట్టుకునేవాడు. ఆ గెలుపుతో అమరేశ్వరరావుకి రోజంతా హుషారు. "ఎడ్లపాడు కుర్రాడు, పాపం, నేనే నేర్పుతన్నా" అని కొట్టుకొచ్చిన రైతులకి చెప్పుకునేవాడు. తను ఉన్న చదరంగం వాట్సాప్ గ్రూపులో కూడా చేర్పించాడు. అందులో నలభై మంది. ఆదివారం మధ్యాహ్నాలు ఆన్‌లైన్లో పోటీలు పెట్టుకుంటారు. గ్రూపు నడిపేది కృష్ణవేణి అని ఒక లెక్కల మేడం.

ఏడాది తిరిగేసరికి సందీప్ ఎనిమిది వందల నుంచి పదమూడు వందలకొచ్చాడు. ఒకరోజు అమరేశ్వరరావునే ఓడించాడు.

"గెలిచా మావయ్యా!" అని వెంటనే ఫోన్ చేశాడు. ఆ ప్రమాదం తర్వాత వాడి గొంతులో అంత సంతోషం వినటం అదే మొదలు.

"బాగా ఆడావురా" అన్నాడు అమరేశ్వరరావు. ఆ పూట ఆయనకి అన్నం సయించలేదు. ఆ తర్వాత వరసగా పదకొండు ఆటలు ఓడాడు. సందీప్ పద్నాలుగు, పదిహేను, చివరికి పదహారు వందలు దాటాడు.

ఒక ఆదివారం గ్రూపంతా చూస్తుండగా ఇద్దరికీ ఆట పడింది. సందీప్ ఏనుగుని ఊరికే బలిచ్చాడు. అమరేశ్వరరావు ఆశగా దాన్ని చంపాడు. మరో మూడు ఎత్తుల్లో రాజు చిక్కుకుపోయాడు. "గురువుగారూ, శిష్యుడు మింగేశాడే!" అని ఎవరో నవ్వు బొమ్మలు పెట్టారు.

అమరేశ్వరరావు చెవులు వేడెక్కాయి. గ్రూపులో గబగబా టైపు కొట్టాడు. "ఇది వాడి బుర్రలోంచి వచ్చిన ఎత్తు కాదు. పక్కన ఇంకో ఫోన్లో మిషన్ ఎత్తులు చెప్తంది. వాడి మంచం దగ్గర కళ్ళారా చూశా."

చూసింది లేదు. ఎడ్లపాడు పోయి ఎనిమిది నెలలైంది.

కృష్ణవేణి ఫోన్ చేసింది. "నిజంగా చూశారా అండీ? చిన్న విషయం కాదు ఇది."

అన్నమాట వెనక్కి తీసుకోవటానికి అదొక్కటే అవకాశం. "చూడకుండా అంటానా అమ్మా" అన్నాడు.

అరగంటలో సందీప్‌ని గ్రూపులోంచి తీసేశారు. వాడు ఏడుసార్లు ఫోన్ చేశాడు. అమరేశ్వరరావు ఎత్తలేదు.

మూడో వారం వాడి తల్లి మణెమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యా, మావోడు ఎవరితో మాట్లాడటంలా. ఫోను అవతల పడేశాడు. ఏందిరా అంటే చెప్పడు. నువ్వంటే వాడికి చానా ఇది. ఒక్కసారి వచ్చిపో."

పాపం ఆమెకేమీ తెలియదు. అమరేశ్వరరావు చిలకలూరిపేటలో బస్సు మారి వెళ్ళాడు. సందీప్ కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ పలకరిస్తే తిప్పలేదు. మణెమ్మ మంచం కింది నుంచి మూడు లాంగ్ నోటుబుక్కులు తీసి చేతికిచ్చింది. "ఎప్పుడూ ఇవే రాసుకుంటా ఉండేవాడు."

ఓడిన ప్రతి ఆటా అందులో ఉంది. దాని కింద కారణం. "గుర్రాన్ని చూడలా." "గెలుస్తున్నా కదా అని తొందరపడ్డా." ఒక పేజీలో పెద్ద అక్షరాలతో, "రోజుకి అరగంట ఆట ఒక్కటే. ఓడితే ఆ రోజుకి అంతే. ఎందుకో తెలిశాకే ఇంకోటి." ఇంకోచోట, "మావయ్య మంత్రిని తొందరగా బయటికి తెస్తాడు." ఏనుగుని బలిచ్చే ఆ ఎత్తయితే నెల్లాళ్లుగా సాధన చేసినట్టు తారీకులతో సహా బొమ్మలు గీసి ఉంది.

అమరేశ్వరరావు నోటుబుక్కులు మూసి మంచం పట్టీ మీద కూర్చున్నాడు.

"ఒరేయ్ సందీప్, తప్పు నాదిరా. ఓర్చుకోలేక అన్నా. నేనేమీ చూడలేదని అందరికీ చెప్తా."

"చెప్పమాకు మావయ్యా."

"ఎందుకురా?"

"నాకు సగం ఒళ్ళే ఉంది. ఆ సగంతో నేను చేసింది అదొక్కటే. అది దొంగదన్నావు." గొంతులో కోపం లేదు. "ఇంక ఆడను."

వాడు వద్దన్నా, అక్కడే కూర్చుని గ్రూపులో రాశాడు, తను అబద్ధమాడానని. జవాబులు టపటపా పడ్డాయి. "మీది పెద్ద మనసు గురువుగారూ." "మంచంలో ఉన్నవాడి మీద జాలితో నిందంతా మీ నెత్తిన వేసుకున్నారు." నిజం రాస్తే ఒక్కరూ నమ్మలేదు. కృష్ణవేణి మాత్రం సందీప్‌ని తిరిగి చేర్చింది. వాడు తెరిచి చూడలేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం అమరేశ్వరరావు చదరంగం బల్ల చంకన పెట్టుకుని ఎడ్లపాడు వెళ్ళాడు. మంచం పక్కన పావులు పేర్చి కూర్చునేవాడు. సందీప్ తల గోడవైపు తిప్పుకునేవాడు. గంట కూర్చుని, పావులు సంచిలో వేసుకుని వచ్చేసేవాడు.

నాలుగో ఆదివారం మణెమ్మ గుమ్మంలోనే అడ్డం నిలబడింది. కొడుకు చెప్పాడో, ఊళ్ళో ఎవరన్నా చెప్పారో, ఆమెకి అంతా తెలిసిపోయింది.

"నువ్వింక రామాకు అన్నయ్యా. నువ్వొచ్చిన రోజు వాడు అన్నం ముట్టటంలా."

"ఒక్క మాట చెప్పి పోతానమ్మా..."

"ఏం చెప్తావు?"

అమరేశ్వరరావు తెచ్చిన బత్తాయిలు అరుగు మీద పెట్టబోతే ఆమె వద్దని తలూపింది. ఆయన సంచీ పట్టుకుని ఎండలో హైవే దాకా నడిచాడు.