వాల్వు కోసం జపమాల

"పాత ఆలిని మార్చేస్తాడటే! వింటున్నావా? పాతదాన్ని ఊడబీకి కొత్తది బిగిస్తాడట! మరియతల్లి ఎదుట మోకాళ్ళ మీద ఉండి మరీ చెప్తున్నాడు!"

అత్తగారి కేకకి కొవ్వొత్తి మంట కూడా ఉలిక్కిపడింది. ప్లంబరు చేతిలోని జపమాల మొదటి పెద్దపూస దగ్గరే ఆగిపోయింది.

పాపం, అతనన్నది వేరు. రోజూ సాయంత్రం ఆ ఇంట్లో నలుగురూ హాల్లో చాప మీద మోకరిస్తారు: ప్లంబరు, ఒకటో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పే అతని భార్య, కాలేజీకెళ్ళే కూతురు, చెవులు మందగించిన అత్తగారు. జపమాలలో ధ్యానించే అయిదు దేవరహస్యాల్లో, అంటే ప్రభువు జీవిత ఘట్టాల్లో, ఒక్కోదానికి ముందు, రాబోయే పది పూసలూ ఎవరి కోసమో, దేని కోసమో పైకి చెప్పుకోవడం వాళ్ళ అలవాటు. ఇవాళ ఇంటి యజమానిగా మొదటి వంతు తీసుకుని ప్లంబరు, "మూడో అంతస్తువాళ్ళ పాత వాల్వుని మార్చే పని సవ్యంగా జరగాలని" అన్నాడు. ఆ వాల్వు అత్తగారి చెవిలోకి వెళ్తూ వెళ్తూ తుప్పంతా రాలగొట్టుకుని ఆలిగా తేలింది.

"ఆలి కాదు అమ్మమ్మా, వాల్వు! నీళ్ళు వదులుతారు చూడు, అదీ!" అని కూతురు చెవిలో అరిచింది.

"నీళ్ళొదిలేస్తాడా? ఇన్నేళ్ళు కాపురం చేసి నా కూతురికి నీళ్ళొదిలేస్తాడా?"

చివరికి ప్లంబరు లేచి, పనిసంచీలోంచి ఒక ఇత్తడి వాల్వు తెచ్చి అత్తగారి చేతిలో పెట్టాల్సి వచ్చింది. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదా! అలా విడమర్చి చెప్పొచ్చుగా అల్లుడూ. గొణుక్కుంటే మాకేం తెలుస్తుంది?" అంది. వీధి చివర నిలబడి పిలిస్తే మేడ మీదివాళ్ళు తలుపు తీసేంత గొంతు అతనిది. గొణుగుడట!

సరే, అపార్థం తీరింది కదా అని మళ్ళీ మోకరించి, "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము" అంటూ మొదటి సగం చెప్పాడు. రెండో సగం భార్యది. ఆ ఇంట్లో జపమాలా కాపురమూ ఒకే లెక్కన నడుస్తాయి. సగం అతను, సగం ఆమె. కూరలో ఉప్పు గురించి అలిగినా, చుట్టాల గురించి కొట్టుకున్నా, ఆ రెండో సగం మాత్రం ఏనాడూ తప్పలేదు.

ఇవాళ తప్పింది. భార్య పెదవులు బిగించి గోడకేసి చూస్తూ ఉండిపోయింది. కూతురు గొణిగింది, అత్తగారు ఎప్పటిలాగే అందరికన్నా ఒక పూస వెనకబడి అందుకుంది. మిగతా లోటంతా ప్లంబరే పూడ్చాడు. ప్రశ్నా అతనే, జవాబూ అతనే. అయిదో రహస్యానికి వచ్చేసరికి గాలి చొరబడిన మోటారులా రొప్పుతున్నాడు.

జపం అవగానే వంటింట్లోకి వెళ్ళి నిలదీశాడు. "ఏమే, నేనన్నది వాల్వు."

"నా చెవులు బాగానే ఉన్నాయి."

"మరి ఏమైంది?"

"ఏం లేదు."

"'ఏం లేదు' అన్నావంటే బోలెడు ఉన్నట్టు!"

"వాల్వునే అడగండి," అని ఆవిడ గిన్నె బోర్లించిన చప్పుడుకి పక్కన చెంచాలన్నీ లేచి కూర్చున్నాయి.

నిజానికి ఏమైందో ప్లంబరుకి తెలుసు. తెలిసే అడిగాడు. రెండు నెలలుగా భార్య గొంతు బొంగురుపోయింది. పిల్లల మీద అరిచి అరిచి అలా అయిందని ఇంట్లోవాళ్ళంతా అనుకుంటున్నారు. డాక్టరు మాత్రం గొంతులో చిన్న గడ్డ ఉందన్నాడు, బుధవారం ముక్క తీసి పరీక్షకి పంపుతానన్నాడు. సంగతి మొగుడూపెళ్ళాలిద్దరికే తెలుసు. తల్లికీ కూతురికీ ఆమె 'బుధవారం స్కూల్లో మీటింగు' అని చెప్పింది. ఊళ్ళో లీకులన్నీ కట్టే మనిషి కాబట్టి ఇంట్లో రహస్యాన్నీ లీకు కాకుండా కాపాడుకొచ్చాడు.

ఈ పొద్దున అతను బూట్లు తొడుక్కుంటుంటే ఆమె దగ్గరికొచ్చి ఒకటే అడిగింది. "ఇవాళ మొదటి పది పూసలూ నా కోసం చెప్పండి. పేరొద్దు. 'ఒక ప్రత్యేకమైన మనవి' అంటే చాలు. మీ నోట వింటే నాకు కాస్త ధైర్యంగా ఉంటుంది."

"ఓస్, అంతేనా!" అన్నాడు.

అంతే కాదని మోకరించాకే తెలిసింది. ఆ మాట పైకి అంటే గడ్డ నిజమైపోతుందేమోననిపించింది. పెదవుల మీద ఎవరో పైపు మరలకి చుట్టే టెఫ్లాను టేపు బిగించి చుట్టినట్టయింది. బలవంతంగా నోరు తెరిస్తే అలవాటుకొద్దీ వాల్వు బయటికొచ్చింది. వాల్వూ ఆలీ అని అత్తగారు గొడవ చేసినందుకు అతను లోలోపల సంతోషించాడు కూడా. భార్య కోపం దాని గురించేనని నటించవచ్చు కదా!

మర్నాడు, మంగళవారం, మూడో అంతస్తులో వాల్వు మొరాయించింది. రెంచీతో ఒక్క పట్టు పట్టేసరికి మెడ విరిగి మొహాన నీళ్ళు చిమ్మింది. ఆ ఇంటావిడ పాతబట్ట అందిస్తూ, "మీ టీచరుగారి గొంతు తగ్గలేదా? పిల్లల్ని చప్పట్లు కొట్టి పిలుస్తోందట, మావాడు చెప్పాడు," అంది.

"తగ్గుతుందిలెండి," అన్నాడు ప్లంబరు. మొహం తుడుచుకున్నాడు. తుడిచినకొద్దీ తడిగానే ఉంది. ఇవాళ చెప్పి తీరాలనుకున్నాడు. దారి పొడుగునా స్కూటరు మీద 'ప్రత్యేకమైన మనవి, ప్రత్యేకమైన మనవి' అని వల్లించుకుంటూ ఇల్లు చేరాడు.

మంగళవారం దుఃఖ రహస్యాలు. మొదటిది, ప్రభువు తోటలో ఒంటరిగా వేదనపడటం. ప్లంబరు చదివాడు.

"ముగ్గురు శిష్యుల్ని తోడు తీసుకెళ్తే ముగ్గురూ గుర్రుపెట్టి పడుకున్నారుట! అదీ మగాళ్ళ తోడు!" అని అత్తగారు తన వంతు ధ్యానం చేసింది. భార్య దగ్గింది. అది గొంతు దగ్గో ఎత్తిపొడుపు దగ్గో తేలలేదు.

ప్లంబరు ఊపిరి పీల్చుకున్నాడు. "ఈ పది పూసలూ... ఒక... ఒక ప్ర..."

అందరూ చూస్తున్నారు. భార్య కూడా తలెత్తి చూసింది.

"ఒక ప్ర... ప్రెషరు పంపు కోసం!"

భార్య తల మళ్ళీ గోడవైపు తిరిగింది. తన నోటిని తానే రెంచీతో విప్పి మార్చుకోవాలన్నంత చిరాకేసింది అతనికి. పది పూసలూ మళ్ళీ ఒంటిచేత్తో లాగాడు, పంపుకి.

రెండో రహస్యం భార్య వంతు. కూతురు నీళ్ళ గ్లాసు అందించబోతే వద్దంది. బొంగురు గొంతుతోనే నెమ్మదిగా మొదలుపెట్టింది.

"ఈ పది పూసలూ మూడో అంతస్తు వాల్వు కోసం. పాపం దానికి రెండు నెలలుగా గొంతు పట్టేసింది. లోపల ఏదో గడ్డ కట్టిందట. రేపు పరీక్షకి తీసుకెళ్తారు. దానికి భయంగా ఉంది. తోడొచ్చే మనిషి ఉన్నాడు. కానీ ఆ మనిషి నోట దాని మాటే రాదు. ఆ వాల్వు కోసం."

"వాల్వుకి గడ్డేమిటే?" అంది అత్తగారు. ఇవాళ ప్రతి మాటా వినపడింది, అదేం విడ్డూరమో.

"తుప్పయ్యుంటుంది అమ్మమ్మా," అంటూనే కూతురు సగంలో ఆగిపోయింది. "అమ్మా?"

భార్య జపం అందుకుంది. "దేవ వరప్రసాదము చేత నిండిన..." గొంతు జీరపోయి తెగిపోయింది.

"వాల్వూ లేదు, గీల్వూ లేదు!" ప్లంబరు అరిచిన అరుపుకి అత్తగారు చెవులు మూసుకుంది. "ఈ పదీ నా పెళ్ళానికి! మొత్తం మాలంతా నా పెళ్ళానికి! రేపు దాని గొంతుకి పరీక్ష, స్కూల్లో మీటింగూ లేదు, పాడూ లేదు! నాకు భయంగా ఉంది! పైకి అంటే నిజమైపోతుందేమోనని భయం! నిన్నట్నుంచి నోరు తెరిస్తే చాలు, ఒకసారి వాల్వొస్తోంది, ఒకసారి పంపొస్తోంది, నేనేం చెయ్యనే! ఇంకో రోజు ఆగితే కమోడు కూడా వచ్చేది!"

కింది వాటాలో టీవీ ఆగిపోయింది.

భార్య నవ్వబోయింది, ఏడుపొచ్చింది, రెండూ కలిసి దగ్గొచ్చింది. కూతురు వెళ్ళి తల్లి ఒళ్ళో తల పెట్టేసి, "మీటింగని నాతో కూడా అబద్ధమాడావా?" అంది.

"నువ్వు పరీక్షలు రాయాలని..."

"నీ పరీక్ష ఏంటో నాకు చెప్పవు గానీ!"

"ఎవరైనా నాకు వరసగా చెప్పండే," అంది అత్తగారు. అప్పుడు ప్లంబరు ఆవిడ ముందు చతికిలబడి, సోమవారం పొద్దుటి నుంచి జరిగిందంతా పూస గుచ్చినట్టు, ప్రతి పూసా రెండేసి సార్లు అరిచి చెప్పాడు. భార్య అడిగిన మనవి, తన మూగనోము, నోట్లోంచి దూకిన వాల్వు, దాని వెనకే పంపు, ఆమె అలక. ఇంటికీ, కింది వాటాకీ, మెట్ల మీద ఆగిన ఇద్దరికీ అంతా అర్థమైంది.

అత్తగారు కళ్ళొత్తుకుంది. తన కూతురి గొంతు మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంచింది. తర్వాత అల్లుడివైపు తిరిగింది.

"అయితే మొదట్నుంచీ మొదలెట్టు."

"అత్తయ్యా! ఒక రహస్యం పూర్తిగా అయిపోయింది, నా మోకాళ్ళు..."

"అయింది, పంపుకి. నిన్నటిదేమో వాల్వుకి పోయింది. నా కూతురికి ఇంతవరకు ఒక్క పూసైనా పడిందా? మోకరించు నాయనా."