అద్దంలో లేని మొహం

మనిషితోడేలు ఛాతీ మీది వెంట్రుకలు ఒక్కొక్కటే గీస్తున్నాడు ఓడీల్. ఇప్పటి సినిమాల్లో తోడేళ్లకి వెంట్రుకలుండవు. నూనె రాసిన నున్నటి ఛాతీ, చెమర్చిన కళ్లు ఉంటాయి. అందుకని అతను తన తోడేలుని మంగలి కుర్చీలో కూచోబెట్టాడు. అది ఛాతీ గొరిగించుకుంటూ చిన్నప్పటి కష్టాలు చెప్పుకుని ఏడుస్తోంది. వచ్చేవారం శనివారం పేపర్లో రావాల్సిన బొమ్మ.

అరవై నాలుగేళ్ల మనిషి, ముందుకి వంగిన మెడ, మధ్యవేలి మీద రేగ్గింజంత కాయ. కోర్ట్రెయిక్ పట్నం పక్కన ఒక పల్లెలో, వాళ్ల నాన్న అవిసెనార కట్టలు పేర్చిన కొట్టంలోనే అతని బల్ల. ఇరవై ఏడేళ్లుగా జిల్లా పేపరు పద్నాలుగో పేజీలో రోజుకి మూడు గళ్ల బొమ్మలు. పాత సినిమా భూతాలకి కొత్త సినిమాలవాళ్లు పట్టించిన గతి చూపించడమే పని. ఆ బొమ్మల కింద ఉండే పేరు తమ వీధిలో కూరగాయలు కొనే ఈ మనిషిదేనని ఊళ్లో సగం మందికి తెలియదు. అతనూ చెప్పుకోలేదు.

భార్య జుల్మా కాఫీ, పేపరు తెచ్చింది. రోజూ వంటింట్లోనే బొమ్మ చూసి నవ్వుతుంది, ఆ నవ్వు కొట్టం దాకా వినిపిస్తుంది. ఈవేళ వినిపించలేదు.

"నవ్వలేదేం?"

"కుర్రాడు అద్దం ముందు తల దువ్వుకుంటున్నాడు. బాగానే ఉన్నాడు. నవ్వడానికేముంది?"

ఓడీల్ పేపరు లాక్కున్నాడు. మూడొందల ఏళ్ల రక్తపిశాచి సినిమా కుర్రాడిలా తయారై, మూడు గళ్లలోనూ దువ్వుకుంటూ మురిసిపోతున్నాడు. ఓడీల్ గీసినప్పుడు అద్దం ఖాళీ. అచ్చులో అద్దం నిండా మొహం. మొదటి గడిలోది కత్తిరించి అతికించారు. పాపిడైనా తిప్పలేదు. బయట ఎడమవైపుంటే అద్దంలోనూ అదే పక్కనుంది.

కాఫీ తాగలేదు. ఈవేళ మంగళవారం, ఎలాగూ వచ్చేవారం బొమ్మలు ఇచ్చే రోజు. కట్ట చంకన పెట్టుకుని బస్సెక్కాడు. దారంతా లెక్కేసుకున్నాడు. రేపు పిశాచి ఇంకా పెద్ద అద్దం కొంటాడు. ఎల్లుండి కొట్టువాడితో తగువు పెట్టుకుంటాడు. శుక్రవారం కొట్టువాడు, "అద్దం బాగానే ఉందయ్యా, నువ్వే లేవు" అంటాడు. అద్దంలో మొహం ఉంటే ఆ మాటకి అర్థమేముంది?

తొమ్మిదేళ్లప్పుడు చర్చి హాల్లో నల్లగుడ్డలు కట్టి సినిమా వేశారు. తెర మీద రక్తపిశాచి ఎదుట ఖాళీ అద్దం కనబడగానే హాలంతా ఊపిరి బిగబట్టింది. ఎవరికీ జడవని నాన్న అతని చెయ్యి నలిగేలా పట్టుకున్నాడు. ఇంటికెళ్లాక కూడా నాన్న దాని ఊసెత్తలేదు. ఓడీల్ మాత్రం ఆ రాత్రే బొమ్మ గీశాడు.

పేపరాఫీసులో పేజీలు చూసే యొరెన్ ముప్పై నిండని వాడు, మర్యాదస్తుడు. కుర్చీ లాగి వేశాడు.

"మీరు మర్చిపోయారనుకున్నాం ఓడీల్ గారూ. నాలుగు రోజుల్లోనూ అద్దం ఖాళీగా ఉంది. మా వాళ్లే మొహం పెట్టేశారు. మీకో పని తప్పింది."

"వాడు అద్దంలో కనబడడు బాబూ."

"ఇప్పటి సినిమాల్లో కనబడుతున్నాడుగా."

"అందుకే గీశాను."

యొరెన్ మొహమాటంగా నవ్వాడు. చదివేవాళ్లెవరూ అడగలేదన్నాడు. ఒకావిడైతే కుర్రాడు ముచ్చటగా ఉన్నాడని పొద్దున్నే ఫోన్ చేసిందిట. ఓడీల్ చెవులు ఎర్రబడ్డాయి. మిగతా మూడు రోజుల్లో మొహం తీసేయమన్నాడు. యొరెన్ తల గోక్కున్నాడు.

"ఖాళీగా వేస్తే అచ్చు పోయిందనుకుంటారండీ. పోనీ, కింద ఒక ముక్క రాద్దాం. రక్తపిశాచులు అద్దంలో కనబడవు, గమనించగలరు, అని."

ఓడీల్ కోటు లోపలి జేబులోంచి కుంచె, తెల్లరంగు సీసా తీశాడు. కట్ట ఇచ్చేటప్పుడు చిన్న దిద్దుబాట్ల కోసం వెంట తెచ్చుకునేవే. బల్ల మీదున్న శుక్రవారం కాగితం ముందుకి లాక్కుని, కుంచె మొన పెదవుల మధ్య సన్నం చేసి, నాలుగు గీతల్లో మొహం కప్పేశాడు. అద్దం మళ్లీ ఖాళీ అయింది. పక్క బల్లల వాళ్లు పని ఆపి చూశారు.

"ఇంతే పని," అన్నాడు.

"అది ఉత్త నకలండీ. అచ్చుకి వెళ్లేది కంప్యూటర్లోది. దాంట్లో మొహం అలాగే ఉంది."

ఓడీల్ సీసా మూత బిగించి జేబులో వేసుకున్నాడు. తర్వాత కుంచె యొరెన్ ముందు పెట్టాడు.

"మీకన్నీ వచ్చుగా. ఇక మీరే గీసుకోండి."

వచ్చేవారం కట్ట చంకన పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. కోపం చల్లారాక మంగళవారం వస్తాడులే అన్నాడు యొరెన్. మంగళవారం రాలేదు. పై మంగళవారమూ రాలేదు. ఫోన్ చేస్తే జుల్మా ఎత్తి, ఆయన తోటలో ఉల్లినారు నాటుతున్నాడని, పిలిచినా రాడని, తను పిలవనని చెప్పి పెట్టేసింది. పద్నాలుగో పేజీలో రాశిఫలాలు వేశారు. ఎవరూ అడగలేదు.

చెక్కపిడి మీద పళ్లగాట్లున్న ఆ కుంచె యొరెన్ బల్ల మీదే ఉండిపోయింది. కడగాలని ఎవరికీ తోచలేదేమో, తెల్లరంగు మొనలో ఎండి రాయిలా బిగుసుకుపోయింది.