జడా కొవ్వొత్తీ

మా పిల్ల క్లాసులో ఒక నవల చదువుతున్నారు. కరెంటు లేని కాలంలో, కొవ్వొత్తులు చేసే ఇంట్లో పెరిగిన ఆడపిల్ల కథ. ఊరికే చదివితే బుర్రకెక్కదని, ఒక్కో అధ్యాయం అయ్యాక అందులోని పని ఒకటి పిల్లల చేత చేయిస్తుంది టీచరమ్మ. సంచి కుట్టించిన రోజు నేను వెళ్లి సూదులు లెక్కపెట్టి వచ్చాను. "తాడు కనిపించినా పామే నీకు," అన్నారు మా ఆయన.

చివరి అధ్యాయానికి కొవ్వొత్తి. ఎవరిది వాళ్లే ఇంట్లో చేసి తేవాలి. క్లాసులో తెరలు దించి, ఎవరి వెలుగులో వాళ్లు ఒక పేజీ పైకి చదవాలి.

వేడినీళ్ల గిన్నెలో డబ్బా, డబ్బాలో కరిగిన మైనం. పిల్ల ఒత్తిని ముంచి తీసి, ఆరేదాకా పట్టుకు నిలబడి, మళ్లీ ముంచుతోంది. ఎక్కువసేపు ఉంచితే పట్టిన పొర కాస్తా కరిగిపోతుందట. పక్కనే నేను తడి తువ్వాలుతో.

"అమ్మా, కాస్త ఊపిరి పీల్చుకో."

చివరికి వంకరగా, మధ్యలో బొజ్జతో తయారైంది. "నాన్న పొట్ట వచ్చిందే!" అని ఎంత మురిసిపోయిందో. నా కళ్లు మాత్రం దాని జడ మీదే. వంగి చదువుతుంది, జడ ముందుకు జారుతుంది, మంట... ఆపైన ఊహించుకోలేకపోయాను.

మర్నాడు అది స్నానానికి వెళ్లగానే ఒత్తి కొస కత్తిరించి, లోపలిది సూదితో కొంత లాగేసి, కొసని మళ్లీ మైనంతో అతికించేశాను. వెలగకపోతే కొంపలేం మునగవులే అనుకున్నాను.

బకెట్టు నీళ్లతో క్లాసులో వెనక కూర్చున్నాను. "ఫైరింజను వచ్చేసింది, ఇక భయం లేదు," అంది టీచరమ్మ. పిల్లలంతా నవ్వారు, మాదీ నవ్వింది.

అన్నీ వెలిగాయి. మా పిల్లది గుప్పున అంటుకుని ఆరిపోయింది. మళ్లీ వెలిగించబోతే కొస ఊడి కింద పడింది.

"మీ నాన్న పొట్ట అన్నావుగా, లోపల గాలేనా?" అంది పక్క పిల్ల.

మాది నవ్వలేదు. "నేనే తొందరపడ్డాను టీచర్. ఆరకముందే ముంచేసి ఉంటాను."

చెయ్యి నొప్పెడుతున్నా, పొర ఆరేదాకా కదలకుండా నిలబడిన పిల్ల అది.

"పోనీ, నా కొవ్వొత్తి తీసుకో," అంది టీచరమ్మ.

"వద్దు టీచర్. నాది నేను సరిగ్గా చెయ్యలేదుగా. నేను చదవను." పుస్తకం మూసేసింది.

ఇక కూర్చోలేకపోయాను. "అది సరిగ్గానే చేసింది టీచరమ్మా. ఒత్తి తీసేసింది నేను, దాని జడ అంటుకుంటుందని భయపడి."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. కొప్పులో పిన్ను తీసి, మైనం గీకుతూ పోయాను. లోపల ఒత్తి తగిలింది. దాని కొస పైకి లాగి, కొవ్వొత్తిని పిల్ల ముందు పెట్టాను.

"ఎంతసేపు నిలబడ్డానో నువ్వు చూశావుగా అమ్మా," అంది, నా మొహం చూడకుండా.

టీచరమ్మ వెలిగించింది. ఈసారి మంట నిలిచింది. పిల్ల పుస్తకం తెరిచి, తల తిప్పకుండానే జడ వెనక్కి విసిరింది.

"పట్టుకో. నీ భయం అదేగా."

దాని కుర్చీ వెనక గొంతుక్కూర్చుని, రెండు చేతులా పట్టుకున్నాను. తడబడకుండా చదివింది. పేజీ అయిపోయాక కూడా వెనక్కి తిరగలేదు. నేనూ జడ వదల్లేదు.