కొట్టని షాట్లు

భాస్కర్ రావు వీడియోను మళ్ళీ వెనక్కి తిప్పి చూసి, గాజు సీసాలో ఇంకో చింతపిక్క వేశాడు. జర్మనీలో, ఉంటర్‌ఫ్యోరింగ్‌లోని ఆ ఆఫీసులో నలభై కుర్చీలుంటే, కరోనా పుణ్యమా అని ఆ ఉదయం మనుషులున్నవి రెండే.

ఐస్ హాకీలో ఇద్దరు పాత గోల్‌కీపర్లు. ప్లేఆఫ్‌లలో ఎవరు గొప్పో సాయంత్రంలోగా తేల్చాలి. ఇద్దరికీ అతను పెట్టుకున్న పేర్లు గోడ, పిల్లి. గోడ వందకి తొంభై నాలుగు షాట్లు ఆపాడు, పిల్లి తొంభై ఒకటి. అక్కడికి అయిపోయినట్టే. కానీ భాస్కర్ రావుది ఆరేళ్ళుగా ఇదే పని, ఆటల వీడియోలు చూసి లెక్కల్లో తప్పులు పట్టడం. వంగిపోయిన మెడ, ఎర్రటి కళ్ళు, మౌస్ నొక్కీ నొక్కీ కొంకర్లుపోయిన చూపుడువేలు. మంచు మీద తాను నిలబడింది ఒక్కసారే, అదీ బస్‌స్టాపులో. వెంటనే పడ్డాడు.

టీమ్ లీడ్ వైశాలి వచ్చి, గోడకొకటి, పిల్లికొకటి పెట్టిన రెండు సీసాల వైపు చూసింది.

"ఇవేంది అంకుల్?"

"కొట్టని షాట్లమ్మా. ఇదిగో, వీడు కర్రెత్తాడా? పిల్లిని చూసి జడిసి పక్కోడికి తోసేశాడు. మరి ఇది ఆపినట్టా, కాదా?"

"కొట్టనిదాన్ని ఎట్ల లెక్కపెడ్తం?"

"ఒకడైతే కర్ర అక్కడే పారేసి, స్కేట్లతోనే రైలెక్కి, ఊళ్ళో బేకరీ పెట్టుకున్నాడంట. ఇప్పటికీ గుండ్రటి రొట్టె చూస్తే వణుకేనంట!"

వైశాలి లాప్‌టాప్ తెరిచింది.

"నా కాంట్రాక్టు కాగితం వచ్చిందా అమ్మా? గురువారం రమ్మని వీసా ఆఫీసు టెర్మిన్ ఇచ్చింది. అది లేకపోతే పొడిగించరు."

"రాలే అంకుల్. రెన్యూ చేస్తలేరు." ఆమె లాప్‌టాప్‌లోకే చూస్తూ చెప్పింది. "ఈ ఏడు మీరు పట్టిన తప్పులు పదకొండేనట. సాఫ్ట్‌వేర్ రెండు వేలు పట్టింది."

షాట్లు నమోదు చేసే కుర్రాళ్ళు ఫైలు పంపకముందే ఫోన్ చేసి, "అది గ్లవ్ కాదురా అబ్బాయ్, ప్యాడ్" అని దిద్దించడం అతని అలవాటు. పంపాక దొరికితే వాళ్ళ పేరు మీద తప్పు పడుతుందని. చేరిన కొత్తలో వైశాలికీ అలాగే చేశాడు, ఏడాది పొడుగునా.

"నీ తప్పులు ఎన్ని పట్టానో గుర్తుందా?" అన్నాడు.

"రికార్డ్‌లో లేవు కద, అంకుల్."

అతను తల ఊపాడు. రిపోర్టులో పిల్లి పేరు పైన పెట్టి పంపాడు. డోర్ కార్డు బల్ల మీద ఉంచి, కోటు వేసుకున్నాడు. "కీబోర్డులో ఎంటర్ కొంచెం గట్టిగా నొక్కమని చెప్పమ్మా, వచ్చేవాడికి."

"ఎవ్వరూ వస్తలేరు అంకుల్."

లిఫ్టు తలుపు మూసుకుంది. వైశాలి ఫైలు తెరిచి, గోడను పైకి జరిపి, పై ఆఫీసుకి పంపేసింది.

ఖాళీ కుర్చీ ముందు, శానిటైజర్ పక్కన, రెండు సీసాలూ అలాగే ఉన్నాయి. గోడ సీసా అడుగున నాలుగు పిక్కలు. పిల్లి సీసాకి మూత పట్టలేదు.